కోసి వడ్డించిన సూపు

పొయ్యి పక్కన వంటల పుస్తకం బోర్లా పడుకుని ఉంది. దాని వీపు మీద కొత్త టాబ్లెట్ దర్జాగా చేరగిలబడి ఉంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న బైండరుగారికి ఒళ్ళు మండిపోయింది.

మండదూ మరి! పెళ్ళైన కొత్తలో ఆ పుస్తకాన్ని విప్పి, మళ్ళీ సర్ది, గట్టి దారంతో కుట్టి, తోలు అట్ట వేసి, దాని మీద బంగారు రేకుతో భార్య పేరు అద్దింది ఆయనే. అందరు మొగుళ్ళూ నగలిచ్చారు, చీరలిచ్చారు. ఈయన సూపులూ కేకులూ చేసే విధానం ఇచ్చాడు. ఆవిడ అప్పుడూ ఏమీ అనలేదు, ఇప్పుడూ ఏమీ అనలేదు. పీటగా మాత్రం వేసేసింది.

"ఏమే, అది పుస్తకమా, పీటా?"

"జారకుండా భలే ఆపుతోందండీ. మీ బైండింగు గట్టిది," అంది ఆవిడ తల తిప్పకుండా.

పొగిడిందో తిట్టిందో తేల్చుకోలేక ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఈ మధ్య ఏ మాటకైనా ఆయన జవాబు అదే.

ఆ టాబ్లెట్ ఇచ్చింది తోడల్లుడు. ఆవిడ చెల్లెలి మొగుడు. ఫోన్లు అమ్మే కొట్టుంది. వాళ్ళ మామగారు బతికున్న రోజుల్లోనే ఇద్దరికీ పేర్లు పెట్టి పోయారు. ఒకడు అప్‌డేటు అల్లుడు, ఇంకొకడు అట్టల అల్లుడు. పెద్దాయన నోటి చలవ, ఆ పేర్లు చుట్టాలందరి నోళ్ళలోనూ స్థిరపడిపోయాయి.

"ఇటు చూడండి," అంది ఆవిడ, రెండు వేళ్ళు తెర మీద పెట్టి విడదీస్తూ. అక్షరాలు చింతపిక్కలంత అయ్యాయి. "ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా అవుతాయి. మీరూ ఓసారి చదవండి."

"నాకెందుకు? నాకు చీమ తలకాయంత అక్షరమైనా కనిపిస్తుంది."

ఎవరడిగారు ఆయన్ని? గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. సంగతేమిటంటే, ఆయనకి చీమ తలకాయే కాదు, దగ్గరకొస్తే చీమ కూడా సరిగ్గా కనిపించడం లేదు. దీపం చుట్టూ పొగ కమ్మినట్టుంటోంది. సూదిలో దారం చేత్తో తడిమి ఎక్కిస్తున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళచ్చుగా అంటారేమో. వెళ్ళడు. ఆయన నాన్న కూడా బైండరే. అదే షాపు, అదే సూది. చివరి రోజుల్లో ఆయనకి కళ్ళు పూర్తిగా పోయి, షాపు మూల స్టూలు మీద కూర్చుని కాగితాలు తడుముతూ ఉండేవాడు. డాక్టరు తనకీ అదే గతి అంటాడేమోనని బైండరుగారి భయం. చెప్పించుకోకపోతే కళ్ళు పోవని ఆయన లెక్క. కళ్ళు పోతే షాపు పోతుంది, షాపు పోతే తను ఎవరో ఆయనకే తెలియదు. అంచేత ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే అనుకోండి.

ఆ అక్షరాలు అలా ఉబ్బుతుంటే తనని వెక్కిరిస్తున్నట్టే అనిపించింది. ఆ వస్తువు ఇంట్లోంచి పోవాలి. అంతే.

"పందెం వేసుకుందాం," అన్నాడు గంభీరంగా. "ఆదివారం మీ చెల్లెల్నీ, ఆ అప్‌డేటునీ భోజనానికి పిలు. ఇద్దరం కూరగాయల సూపు చేద్దాం. నువ్వు టాబ్లెట్ చూసి, నేను పుస్తకం చూసి. ఎవరిది బాగుంటే వాళ్ళు గెలిచినట్టు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళు చెప్పింది నోరెత్తకుండా చెయ్యాలి."

"మీరు వండుతారా?"

"పుస్తకం వండుతుంది. నేను పక్కనుంటాను."

ఆవిడ ఆయన వంక కాసేపు చూసింది. "మాట మీద నిలబడతారా?"

"మా వంశంలో మాట తప్పినవాడు లేడు."

"సరే," అంది. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే అనుమానం రావాల్సింది ఆయనకి. రాలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఏ మాటకైనా వెంటనే సరే అనడం ఎప్పుడు చూశాడు గనక!

శనివారం ఆయన రెండు పనులు చేశాడు. ఒకటి, టాబ్లెట్ చార్జరు తీసుకెళ్ళి కింద షాపులో జిగురు డబ్బాల వెనక దాచాడు. రెండోది, పుస్తకాన్ని కిందకి పట్టుకెళ్ళి కుట్టు విప్పాడు. పాత కుట్టు బిగుతుగా ఉండి పుస్తకం తెరిచి పెడితే మూసుకుపోతోంది. టాబ్లెట్ మూసుకోదు కదా! పరువు విషయం. బల్లపరుపుగా తెరుచుకునేలా మళ్ళీ కుడదామని కూర్చున్నాడు.

పుస్తకమంటే మడిచిన కాగితాల కట్టలు. ఆ కట్టల్ని ఫారాలంటారు. ఏది ముందో ఏది తర్వాతో తెలియడానికి ఒక్కోదాని అడుగున చిన్న అంకె ఉంటుంది. బైండరు పుస్తకం చదవడు, ఆ అంకెలే చదువుతాడు. బైండరుగారు ఆ అంకెల్ని చదివాడు. చదివాననుకున్నాడు. కుట్టు మాత్రం చూడముచ్చటగా కుదిరింది.

ఆదివారం చుట్టాలొచ్చారు. అప్‌డేటు వస్తూనే, "వదినా, వై-ఫై ఎలా ఉంది?" అని అడిగాడు. ఇంట్లో మనుషులెలా ఉన్నారో తర్వాత అడిగాడు.

వంట మొదలైంది. బైండరుగారు పుస్తకాన్ని చేయి చాచి దూరంగా పట్టుకున్నాడు. అదీ చాలక వెనక్కి వంగాడు. ఇంకా వంగాడు. తల వెళ్ళి గిన్నెల అరకి తగిలింది.

"దెబ్బ తగిలిందా బావగారూ?" అంది మరదలు.

"లేదమ్మా. అర ఎక్కడుందో చూసుకున్నాను."

భార్య టాబ్లెట్ కాసేపు వెలిగి, టప్పున ఆరిపోయింది. బైండరుగారు తేలు కుట్టిన దొంగలా పొయ్యి వంక చూస్తూ నిలబడ్డాడు.

"చార్జరేదీ?" అన్నాడు అప్‌డేటు.

"ఎక్కడో ఉంటుందిలే," అంది ఆవిడ. టాబ్లెట్‌ని పక్కకి నెట్టి, గిన్నె మూత తీసి, వాసన చూసి, చిటికెడు ఉప్పు వేసింది.

"ఇదేం అన్యాయం? చూసి చెయ్యాలి కదా!" అన్నాడు బైండరుగారు.

"వాసన చూశానుగా."

ఇక వాదించడానికి ఆయనకి తీరిక లేదు. పుస్తకంలో పేజీ అయిపోవచ్చింది. ఉల్లిపాయలూ క్యారెట్లూ మెత్తబడే దాకా ఉడికించమంది, ఉడికించాడు. పక్క పేజీకి వచ్చాడు. ఇంకా వెనక్కి వంగి చదివాడు. పంచదార ఒక గిన్నెడు వెయ్యమంది. మూడు గుడ్లు కొట్టి పొయ్యమంది. ఆయన ఒక్క క్షణం ఆగాడు. కానీ అచ్చులో ఉన్నదాన్ని కాదనడానికి తనెవరు? వాళ్ళ నాన్న నేర్పింది అదే: కాగితం మీద పడ్డ మాటని బైండరు ప్రశ్నించకూడదు.

నురుగు వచ్చే దాకా బలంగా గిలకొట్టమంది పుస్తకం. సలసల కాగే సూపుని ఆయన బలంగా గిలకొట్టాడు. ఒక క్యారెట్ ముక్క వెళ్ళి సీలింగుకి అతుక్కుంది. ఇంకోటి అప్‌డేటు జేబులోకి వెళ్ళింది.

"అన్నయ్యగారూ, మీరు ఏ సూపు చేస్తున్నారు?"

"మాట్లాడకు. నురుగు పోతుంది."

తర్వాత వెన్న రాసిన పళ్ళెంలో పోసి ఓవెన్‌లో పెట్టమంది. పెట్టాడు. పైకి పొంగాలంది. పొంగింది, పొంగి పళ్ళెం దాటి, ఓవెన్ దాటి, నేల మీదకి వచ్చింది. పొగ కమ్మేసింది. మరదలు దగ్గుకుంటూ కిటికీ తలుపులు బార్లా తీసింది. ఆ పొగలోంచి బైండరుగారి గొంతు ఎంతో తృప్తిగా వినిపించింది: "పొంగింది!"

బల్ల దగ్గర ఆయన పళ్ళెం పెట్టి, పక్కన చాకు పెట్టాడు.

"సూపుని కోస్తారా అన్నయ్యగారూ?" అన్నాడు అప్‌డేటు, గొంతులో వెలక్కాయ పడ్డట్టు మొహం పెట్టి.

"చల్లారాక కోసి వడ్డించాలని ఉంది," అన్నాడు బైండరుగారు. అని, తనూ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక మింగనూ లేకపోయాడు, కక్కనూ లేకపోయాడు.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. పుస్తకం తెచ్చి, ఆ పేజీ దగ్గర తెరిచి చూసింది. అరవై నాలుగో పేజీ పక్కన ఎనభై ఒకటో పేజీ ఉంది. సూపు సగంలో ఆగిపోయి, కేకు సగంలో మొదలైంది. ఫారాలు తారుమారయ్యాయని ఆయనకి తెలిసిపోయింది. అంత పెద్ద తప్పు! నిన్నగాక మొన్న పనిలో చేరిన కుర్రాడు కూడా చెయ్యని తప్పు. అదీ తోడల్లుడి ముందు.

"అచ్చులోనే తప్పుంది," అంది ఆవిడ, పుస్తకం మూసేస్తూ. "చవక అచ్చు. మా ఆయనేం చేస్తారు పాపం."

"అంతే అంతే, ఈ అచ్చు పుస్తకాలు ఇంతే వదినా," అన్నాడు అప్‌డేటు సంతోషంగా. అందరూ ఆవిడ చేసిన సూపు తాగారు. బాగుందన్నారు. బైండరుగారు కూడా తాగాడు గానీ, ఆయనకి రుచి తెలియలేదు.

వాళ్ళు వెళ్ళాక ఆయన నేల తుడుస్తూ, పైకి చూడకుండా అడిగాడు. "అచ్చు తప్పని ఎందుకన్నావు?"

"మరేమనాలి? కుట్టింది మీరేనని అనాలా?"

"దారం వదులై ఉంటుంది."

"దారం కాదండీ. మీకు కనపడటం లేదు."

ఆయన కళ్ళజోడు తీయబోయాడు, చెయ్యంతా సూపు.

"చాలా రోజులైంది నేను చూసి," అంది ఆవిడ, ఆయన పక్కనే నేల మీద కూర్చుంటూ. "మీరు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు షాపులోకి దిగి, మీరు కుట్టినవన్నీ తిరగేస్తున్నాను. తారుమారైనవి విప్పి మళ్ళీ కుడుతున్నాను."

"నీకు కుట్టడం ఎవరు నేర్పారు?"

"ఇన్నేళ్ళు మీ పక్కన కూర్చుని కాగితాలు మడిచిందెవరు?"

"మరి ఆ టాబ్లెట్?"

"నా వంటకి పుస్తకమే అక్కర్లేదు, టాబ్లెట్ ఎందుకూ? అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తే, ఇలా ఉంటే నాకూ కనిపిస్తుందే అని మీ నోటితో మీరే అంటారేమోనని. రోజూ చూపించాను. మీరు దానిమీద కత్తి కట్టారు గానీ, ఒక్క మాట అనలేదు." ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "మామయ్యగారిలా మీరూ ఆ స్టూలు మీద కూర్చుంటారేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. భయం మీ ఒక్కరికే ఉంటుందా?"

తను దాచాననుకున్నదంతా ఆవిడ మోస్తోందని ఆ క్షణాన ఆయనకి తెలిసింది. సిగ్గు వేసింది.

"పందెం నేను గెలిచాను," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుని. "రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి. నోరెత్తకుండా."

నోరెత్తకుండానే వెళ్ళాడు. కానీ బుర్ర ఊరుకుంటుందా! ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని, తలుపు సందులోంచి వినిపించేవన్నీ శ్రద్ధగా విన్నాడు. లోపలికెళ్ళిన ప్రతివాడూ అవే అక్షరాలు, అదే వరసలో చదువుతున్నాడు. చిట్టచివరి వరస దాకా కంఠస్థం చేశాడు. ఆయన మొహంలోకి మళ్ళీ కళ వచ్చింది.

లోపల కుర్చీలో కూర్చోబెట్టి డాక్టరమ్మ, "చదవండి," అంటూ ఉండగానే, పై నుంచి కింది దాకా గడగడా అప్పజెప్పాడు. చీమ తలకాయంత అక్షరాలతో సహా.

డాక్టరమ్మ ఓసారి గోడ వైపు చూసింది.

"ఇంకా బోర్డు లైటు వెయ్యలేదండీ," అంది.

పక్కనే ఉన్న భార్య అప్పుడు మొగుడి వంక చూసిన చూపు గురించి చెప్పకపోవడమే మంచిది. లైటు వేశారు. పై వరస ఒక్కటి చదివాడు, అదీ సగం. తర్వాత కళ్ళలో మందు వేశారు, దీపం వేసి చూశారు, చాలాసేపు చూశారు. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

"శుక్లాలు," అంది డాక్టరమ్మ. "రెండు కళ్ళలోనూ ముదిరాయి. ఆపరేషన్ చేస్తే మళ్ళీ శుభ్రంగా కనిపిస్తుంది. ఇంత దాకా ఎందుకు ఆగారు?"

"మా నాన్నకి పూర్తిగా పోయాయమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "ముందు ఇలాగే పొగలా మొదలైందట."

"ఆయన్ని ఎవరికైనా చూపించారా?"

"లేదు. చూపించుకోనన్నాడు."

"నేను చూడలేదు కనక చెప్పలేను గానీ, ఇవే అయ్యుండొచ్చు," అంది డాక్టరమ్మ.

పక్కన భార్య కొంగు బిగించి సిద్ధంగా కూర్చుంది. ఆపరేషన్ వద్దంటాడు, షాపు పనుందంటాడు, వచ్చే ఏడాది చూద్దామంటాడు, ప్రతిదానికీ జవాబు ఇంటి దగ్గరే కూడగట్టుకుని వచ్చింది.

"ఎప్పుడు రమ్మంటారమ్మా?" అన్నాడు బైండరుగారు.

ఆవిడ తెచ్చుకున్న జవాబులన్నీ వృథా అయిపోయాయి. పందెంలో లేని ఆ మాట వినగానే, డాక్టరమ్మ ముందే ఆవిడ బావురుమని ఏడ్చేసింది.