ఇష్టమైనవి తినమన్నారు

ఆదివారం పొద్దున ఆరు గంటలకే చంద్రమోహన్ హిందూపురంలో తన ఇంటి వరండాలో కూర్చుని ఒక పట్టిక తయారు చేశాడు. మొదటిరోజు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. రెండోరోజు పప్పు పూర్ణం పెట్టిన ఓళిగలు. మూడోరోజు రాగిసంగటి, నాటుకోడి పులుసు. అలా పద్నాలుగు రోజులకు పద్నాలుగు గళ్లు గీసి, అడుగున తేదీ వేసి సంతకం కూడా పెట్టాడు. ఇరవై రెండేళ్లు గుమాస్తాగిరి చేసిన చెయ్యి, సంతకం లేకుండా ఏ కాగితాన్నీ వదిలిపెట్టదు.

"ఇంత శ్రద్ధగా ఆఫీసులో ఒక్క ఫైలన్నా రాసింటారా?" అంది భార్య నాగజ్యోతి, భుజం మీదుగా తొంగిచూసి.

ఆయన కోపగించుకోలేదు. ఆ రోజు ఎవరేమన్నా కోపం వచ్చేలా లేదు. అయిదు నెలలుగా ఆయన నోట్లోకి పోయిన ప్రతి మెతుకూ సెల్‌ఫోనులో లెక్కకు ఎక్కింది. ఇడ్లీకి ఇన్ని క్యాలరీలు, చట్నీలో పల్లీలకు ఇన్ని. బంధువుల పెళ్లిలో విస్తరి ముందు కూర్చుని, లడ్డును తినకుండా ఫోటో తీసి, దాని బరువు ఎంతుంటుందని వడ్డించేవాణ్ణి నిలదీసిన మనిషి. అంత పట్టుదలతో తొంభై రెండు కిలోల నుంచి డెబ్బై నాలుగుకు దిగాడు. బెంగళూరులో ఉండే నస్రీన్ అనే డైటీషియన్ ఫోనులోనే ఆయన చేత ఈ తపస్సంతా చేయించింది. శరీరం అలిసిపోయిందనీ, కొన్నాళ్లు డైటుకు సెలవు ఇవ్వాలనీ కిందటి వారమే చెప్పింది. ఆ సెలవు ఎప్పటి నుంచో ఆమె ఈ పొద్దున ఫోన్ చేసి చెప్పాలి.

ఆయనకు ఇంకొక బరువు ఉంది. అది ఏ డైటుకూ దిగలేదు. ఉద్యోగం అగళిలో. పోయేందుకు రెండు గంటలు, వచ్చేందుకు రెండు గంటలు బస్సు. పదో తరగతి చదివే కూతురు అమృత నిద్ర లేవకముందే బయలుదేరి, ఆ పిల్ల తిని పడుకున్నాక ఇల్లు చేరతాడు. వారానికి ఒక్క ఆదివారమే కూతురితో కలిసి కంచం ముందు కూర్చునేది. ఎదిగిపోతున్న పిల్లను సెలవురోజుల్లో మాత్రమే చూస్తున్నానని తలచుకుంటే ఆయనకు నిజంగానే ఏడుపు వచ్చేది. హిందూపురానికి బదిలీ చేయమని ఆరేళ్లలో పదకొండు దరఖాస్తులు పెట్టాడు. హిందూపురం కుర్చీలో శ్రీనివాసులు అనే సహోద్యోగి పాతుకుపోయి ఉన్నాడు. పెనుకొండలోని డివిజను అధికారి బాలాజి ఆ పదకొండింటి మీదా "పరిశీలిస్తాం" అని రాశాడు.

ఏడు గంటలకు ఫోను మోగింది. ఆ ఫోనుకు చెవి దగ్గరి స్పీకరు పాడయి నెలరోజులైంది. మాట్లాడితే లౌడ్‌స్పీకరు పెట్టి వీధికంతా వినిపించేలా మాట్లాడాలి, లేకపోతే లేదు. ప్రహరీగోడకు అవతల పక్కింటి వెంకటలక్ష్మమ్మ ఎండుమిరపకాయలు ఆరబోస్తోంది.

"అయిదు నెలలు బాగా పోరాడినారు సార్," అంది నస్రీన్. "ఈ రోజు నుంచి లెక్కలన్నీ ఆపేయండి. రెండు వారాలు. మనసుకు ఏది తినాలనిపిస్తే అది తినండి. ఇంట్లోవాళ్లతో సంతోషంగా గడపండి."

"ఇంగ ఏ పథ్యమూ లేదా మేడమ్?"

"ఏదీ వద్దు సార్. మీ శరీరానికి ఇప్పుడు కావాల్సింది విశ్రాంతి."

చంద్రమోహన్ కళ్లు తుడుచుకున్నాడు. అవి ఉగ్గాని కోసం వచ్చిన ఆనందబాష్పాలు. గోడకు అవతల వెంకటలక్ష్మమ్మ చేతిలోని మిరపకాయలు అలాగే ఉండిపోయాయి. ఆమె భర్తకు కూడా బెంగళూరు డాక్టర్లు సరిగ్గా ఈ మాటలే చెప్పారు. పథ్యం ఆపేయమన్నారు, ఇష్టమైనవి పెట్టమన్నారు. ఆ తర్వాత ఆయన పదమూడు రోజులు ఉన్నాడు.

చంద్రమోహన్ స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లో నెయ్యి కారుతున్న ఓళిగలు గిన్నెడు ఉన్నాయి. వెంకటలక్ష్మమ్మ ఆయన తల నిమిరి, "తిను నాయనా, కడుపునిండా తిను," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి ఎదురింటి నుంచి గుత్తివంకాయ కూర, వెనకింటి నుంచి చిత్రాన్నం వచ్చాయి. తన డైటు విజయాన్ని వీధి వీధంతా ఇంత సంబరంగా జరుపుకుంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"మంచి జనాలు," అన్నాడు గుత్తివంకాయ నములుతూ.

"ఏమోనండీ. పెట్టిపోయేటోళ్లు నా ముఖం సూడకుండా పోతాండారు," అంది నాగజ్యోతి.

సాయంత్రం ఆయన రెండు ప్యాంట్లు చంకన పెట్టుకుని బుడన్‌సాబ్ టైలరింగు కొట్టుకు వెళ్లాడు. ఈ అయిదు నెలల్లో ఆ ప్యాంట్ల నడుము మూడుసార్లు తగ్గించింది బుడన్‌సాబే. ఇప్పుడు విరామం కాబట్టి ఒక అంగుళం వదులు చేయించుకోవాలని ఆయన దూరాలోచన. అప్పటికే వెంకటలక్ష్మమ్మ మాట కొట్టు దాకా వచ్చి ఉంది. కొలతల పుస్తకం తెరిచి, ముప్పై ఎనిమిది, ముప్పై ఆరు, ముప్పై నాలుగు, ముప్పై రెండు అని చదువుకుని, బుడన్‌సాబ్ సగం నమ్మి కూర్చున్నాడు.

"కొంచెం వదులు చెయ్యప్పా. మరీ ఎక్కువొద్దు, రెండు వారాలకే గదా," అన్నాడు చంద్రమోహన్.

మిగతా సగం కూడా నమ్మకం కుదిరింది. బుడన్‌సాబ్ టేపు మెడలోంచి తీసి, "ఇంత ధైర్యంగా ఎట్ల చెప్తాండారు సార్!" అని బావురుమన్నాడు.

"దాంట్లో ధైర్యమేముంది? అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు గదప్పా, శరీరం అలిసిపోతుంది," అని ఓదార్చి, ప్యాంట్లు అక్కడే పెట్టి, ఈ సాయిబుకు నా మీద ఇంత ప్రేమేమిటా అని ఆశ్చర్యపోతూ ఇంటికి వచ్చాడు.

బుడన్‌సాబ్ దగ్గరే శ్రీనివాసులు కూడా చొక్కాలు కుట్టించుకుంటాడు. మంగళవారం సాయంత్రం ఆయన అరటిపళ్లతో వచ్చాడు. ఆరేళ్లుగా ఎదురుపడితే రోడ్డు మారే మనిషి వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని, చంద్రమోహన్ చెయ్యి పట్టుకున్నాడు. ఆ వారం ఆఫీసుకు కూడా సెలవు పెట్టి, కడుపునిండా రాగిసంగటి తిని మంచం మీద నడుము వాల్చిన చంద్రమోహన్‌కు లేచి కూర్చునే వీలు కూడా చిక్కలేదు.

"మనసులో ఏమన్నా కోరిక ఉండాదా అప్పా? దాచుకోవాకు," అన్నాడు శ్రీనివాసులు.

"నాకేం కోరికలుంటాయప్పా. నీ కుర్చీ తప్ప," అని చంద్రమోహన్ నవ్వాడు.

శ్రీనివాసులు నవ్వలేదు. లోపల లెక్క వేసుకున్నాడు. రెండు వారాలు. ఈ రెండు వారాలు అగళికి బస్సులో తిరిగితే ఆఖరి కోరిక తీర్చిన పుణ్యం దక్కుతుంది. ఊళ్లో మంచిపేరు వస్తుంది. ఆ తర్వాత కుర్చీ ఎటూ ఖాళీ అవుతుంది. ఇంత చవకలో ఇంత త్యాగం చేసే అవకాశం ఉద్యోగికి జీవితంలో ఒక్కసారే వస్తుంది. మర్నాడే పెనుకొండ వెళ్లి, "మానవతా దృష్టితో నా స్థానాన్ని ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను" అని తన చేతితో రాసి ఇచ్చాడు.

గురువారం సాయంత్రం ధర్మవరం నుంచి నాగజ్యోతి అన్న వెంకటేష్ దిగాడు. చేతిలో కొత్త పట్టుపంచె. చెల్లెల్ని పెరట్లోకి తీసుకెళ్లి ముఖం దించుకుని, "బావకు ఒకసారన్నా పట్టుపంచె పెట్టల్ల అనుకుంటా ఉంటి, ఇట్ల పెట్టాల్సి వస్తుందనుకోలేదు జ్యోతీ. ఊరంతా తెలుసునంట, నీకొక్కదానికే చెప్పలేదంట," అని ఏడ్చేశాడు.

నాగజ్యోతి పావుగంట ప్రశ్నలేసి విషయమంతా లాగింది. తర్వాత లోపలికి వచ్చి, ఓళిగ తుంచుకుంటున్న భర్త ముందు నిలబడింది.

"ఏమండీ, మీరు వచ్చే వారం శనివారం సచ్చిపోతాండారంట. ఊరంతా అనుకుంటాండారు."

ఓళిగ గొంతుకు అడ్డం పడింది. నీళ్లు తాగి, సంగతి విని, ముందు ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ తర్వాత చంద్రమోహన్ చెప్పులు వేసుకున్నాడు. ఇప్పుడే పోయి ఒక్కో గడపలో నిజం చెప్పి వస్తానన్నాడు. వాకిలి దాటకముందే ఇంటి ముందు జీపు ఆగింది. అందులోంచి డివిజను అధికారి బాలాజి, శాలువా, పూలదండ, ఫోటోగ్రాఫరు దిగారు. వెనకాలే శ్రీనివాసులు.

బాలాజి కవరు చేతికిచ్చాడు. హిందూపురానికి బదిలీ. ఆరేళ్లు పదకొండు దరఖాస్తులు కదిలించలేని కాగితాన్ని ఒక గుప్పెడు ఎండుమిరపకాయలు అయిదు రోజుల్లో కదిలించాయి. చంద్రమోహన్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఇకనుంచి రోజూ రాత్రి భోజనం అమృతతో. అయినా ఆయన గుమాస్తా అయినప్పటి నుంచీ నిజాయితీపరుడు.

"సార్, తప్పుగా అనుకున్నారు. నాకే జబ్బూ లేదు. ఆరోగ్యంగా ఉండాను."

"చూసినారా? దీన్నే ఆత్మస్థైర్యం అంటారు!" అని బాలాజి చప్పట్లు కొట్టాడు. వీధంతా కొట్టింది. ఫోటోగ్రాఫరు ఆ క్షణాన్నే పట్టుకున్నాడు. మర్నాడు పత్రిక జిల్లా పేజీలో "అధికారి మానవత్వం" అనే శీర్షిక కింద చంద్రమోహన్ నోరు తెరిచి నిజం చెబుతున్న ఫోటో వచ్చింది.

"మళ్లీ పోయి చెప్తా," అన్నాడాయన ఆ రాత్రి.

"ఆరేండ్లు నిజమే చెప్పినారు గదా, ఏమొచ్చింది?" అంది నాగజ్యోతి. "ఇప్పుడూ నిజమే చెప్పినారు. వాళ్లు నమ్మకపోతే మన తప్పా? నోరు మూసుకోని అన్నం తినండి."

పక్కన అమృత, నాయన కంచంలోంచి అప్పడం విరుచుకుంటూ తన లెక్కల మేష్టరు గురించి చెబుతోంది. చంద్రమోహన్ నోరు మూసుకున్నాడు. తర్వాతి రాత్రులన్నీ అలాగే గడిచాయి. ఆఫీసు నుంచి నడిచి ఇంటికి రావడం, పిల్లతో తినడం, దాని కబుర్లు వినడం. ఇన్నేళ్లలో ఆయన అంత సుఖంగా ఎప్పుడూ లేడు. పట్టికలో గళ్లు ఒకటొకటిగా నిండాయి. బుగ్గలకు రంగు వచ్చింది.

అగళి బస్సులోంచి శ్రీనివాసులు రోజూ ఫోన్ చేసేవాడు. మొదటి వారం "ఎట్లుండావప్పా?" అని బెంగగా అడిగాడు. రెండోవారం అదే మాట వేరే రకంగా అడిగాడు. పదిహేనో రోజు, ఆదివారం పొద్దున్నే ఇంటికి వచ్చి, వరండాలో ఉగ్గాని రెండోసారి పెట్టించుకుంటున్న చంద్రమోహన్‌ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రెండు వారాలు నిన్నటికే అయిపోయినాయి గదప్పా!" అన్నాడు. ఆ గొంతులో మాట తప్పిన మనిషి మీద ఉండే బాధ ఉంది.

చంద్రమోహన్ ఆయన్ను కూర్చోబెట్టి డైటు, క్యాలరీలు, నస్రీన్, విరామం అన్నీ విడమరిచి చెప్పాడు. శ్రీనివాసులు చివరిదాకా విని లేచాడు. "అంటే నువ్వు తిండి తినేదానికి సెలవు పెట్టుకుంటే, నేను నా కుర్చీ ఇచ్చేసినానా? రేపు పా పెనుకొండకి!"

సోమవారం ఇద్దరూ బాలాజి ముందు నిలబడ్డారు. చంద్రమోహన్ రక్తపరీక్షల కాగితాలు కూడా తెచ్చాడు. చక్కెర లేదు, బీపీ లేదు, గుండె గట్టిగా ఉంది. బాలాజి వాటిని ముట్టుకోలేదు. ఆయన వెనక గోడ మీద పత్రిక ఫోటో అద్దం కట్టి వేలాడుతోంది. దాని పక్కనే పై అధికారి పంపిన అభినందన లేఖ.

"చూడప్పా చంద్రమోహన్. నీకు జబ్బు ఉండాదని ఆర్డర్లో నేను రాసినా. నీకు జబ్బు లేదంటే నేను తప్పు రాసినట్టు. నేనెప్పుడన్నా తప్పు రాసినానా?"

"లేదు సార్."

"అయితే నీకు జబ్బు ఉండాది."

"నా సంగతి సార్?" అన్నాడు శ్రీనివాసులు.

"నువ్వు త్యాగం చేసినావు. ఇష్టపూర్వకంగా అని నీ చేత్తోనే రాసిచ్చినావు. త్యాగం చేసి మళ్లీ వెనక్కి అడుగుతారా ఎవురన్నా? జనాలేమనుకుంటారు?" అని ఆయన్ను పంపేసి, బాలాజి చంద్రమోహన్ వైపు ఎగాదిగా చూశాడు. "నువ్వొక్కటి గుర్తుపెట్టుకో. ఈ పదైదు దినాల్లో నువ్వు కొంచెం తేరుకున్నట్టు కనిపిస్తాండావు. అట్ల కనిపించకూడదు. పై నుంచి ఎవురన్నా వచ్చి చూస్తే నా పరువేం కావల్ల? నువ్వు ఒళ్లు చేసిన దినం నిన్ను తిరిగి అగళికి ఏస్తా."

తిరుగు బస్సులో చంద్రమోహన్ కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. ఒకవైపు నెయ్యి కారే ఓళిగ, ఇంకోవైపు అప్పడం విరుచుకునే అమృత. ఆలోచించాల్సింది పెద్దగా లేదని హిందూపురం దగ్గరపడేసరికి తెలిసింది. బస్సంతా వినేలా నస్రీన్‌కు ఫోన్ చేశాడు.

"మేడమ్, విరామం చాలు. లెక్కలు మళ్లీ మొదలుపెడదాం."

"మంచిది సార్. ఈసారి ఎన్ని నెలలు అనుకుంటున్నారు?"

"రిటైర్మెంటు దాకా మేడమ్."

అదే బస్సులో వెనక సీట్లో కూర్చున్న శ్రీనివాసులు ముందుకు వంగి, ఆ నంబరు కొంచెం ఇవ్వప్పా అన్నాడు. చిక్కిపోతే బదిలీ దొరుకుతుందన్న మాట ఆ నోటా ఈ నోటా పాకి, ఏడాది తిరిగేసరికి బదిలీ కావాల్సినవాళ్లంతా నస్రీన్ లెక్కలోకి వచ్చేశారు. ఇప్పుడు ఆ డివిజనులో కడుపునిండా తింటున్నది బాలాజి ఒక్కడే.