దోనె మీద వచ్చే నెట్

నిప్పు, చక్రం తర్వాత మానవజాతికి అందిన మూడో వరం కొల్లేటి లంకలో వెలసిన దోనె ఇంటర్నెట్. దాన్ని కనిపెట్టినవారు లంక స్కూలు హెడ్మాస్టరు రాజరత్నం గారు. (ఈ మాట మొదట అన్నదీ ఆయనే.)

స్కూలుకు 2004లో కంప్యూటరు ఇచ్చారు గానీ ఫోను లైను ఇవ్వలేదు. అందుకని కావలసిన పేజీ పేరు ఫారం 'అ'లో మూడు ప్రతులు రాసివ్వాలి. స్కూలు ప్యూను సూర్రావు వాటిని దోనెలో పెట్టుకుని, గెడ వేసుకుంటూ గట్టు చేరి, బస్సెక్కి ఏలూరు నెట్ సెంటరులో మోహన్‌కి ఇస్తాడు. మోహన్ పేజీ అచ్చు తీసి పంపుతాడు. క్లిక్కుకు ఒక రోజు. కాలవకు గుర్రపుడెక్క అడ్డం పడితే, సర్వరు పనిచేయడం లేదని స్కూలు బోర్డు మీద రాసేవారు. పాస్‌వర్డు మరచిపోకూడదని సూర్రావు రేవుదాకా పైకే అనుకుంటూ పోయేవాడు కాబట్టి అది ఊరందరి దగ్గరా భద్రంగా ఉండేది.

పై ఆఫీసుకు పంపే నెలవారీ నివేదికలో 'నెట్ వేగం' అన్న గడి ఉంది. అందులో రాజరత్నం గారు ప్రతి నెలా 'సంతృప్తికరం' అని రాసేవారు. కాకిపిల్ల కాకికి ముద్దు.

2007 వేసవిలో బదిలీ దరఖాస్తులు నెట్‌లోనే అన్నారు. ఆయన భార్య సువర్ణ తాడేపల్లిగూడెంలో టీచరు. ఆదివారం చర్చిలో కలిసి సోమవారం పొద్దున్నే విడిపోయే కాపురం ఆరేళ్లుగా సాగుతోంది. ఒంటరి వంట తిని తిని ఆయనకు ప్రాణం విసిగిపోయింది.

"ఏవండీ, మీరే ఏలూరు వెళ్లి ఆ కంప్యూటరు ముందు కూర్చోకూడదూ?" అంది సువర్ణ.

"హెడ్మాస్టరే ఏలూరు పోతే మన నెట్‌ని ఇంకెవరు నమ్ముతారు?" అని ఆయన ఫారం 'అ' నింపారు.

మర్నాడు సూర్రావు వచ్చి ఏ ఊరు కావాలో అడిగి వెళ్లాడు. ఆ మర్నాడు ఒక కాగితం తెచ్చాడు. పేజీ గడువు మించింది, మొదటినుంచి రండి అని ఉంది.

"రెండో పేజీలో ఏ ఊరు కావాలని అడిగిందంటండి. ఇరవై నిమిషాల్లో చెప్పాలంట. పెద్దవారిని అడక్కుండా రాసేస్తే మర్యాద కాదని మోహన్ గారు నిన్న నన్ను పంపారండి. నేనూ గబగబానే గెడ వేశానండి."

దరఖాస్తుల చివరి రోజున రాజరత్నం గారు తల దించుకుని దోనె ఎక్కారు. ఏలూరులో పది నిమిషాల్లో పనైపోయింది. ఆ పది నిమిషాలు ఆయన్ని చాలా బాధపెట్టాయి. అయినా గూడెం వెళ్తున్నానన్న సంతోషం ముందు అదెంత అనుకున్నారు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మూడేళ్లుగా ప్రతి నెలా నెట్ సంతృప్తికరంగా ఉన్నట్టు రికార్డు చెబుతున్నందున, అంతటి సమర్థుణ్ని కదపడం ప్రజాహితం కాదనీ, మరో అయిదేళ్లు లంకలోనే ఉంచుతున్నామనీ దాని సారాంశం.

ఆదివారం చర్చి మెట్ల మీద సువర్ణ దాన్ని రెండుసార్లు చదివింది.

"మీ గురించి పై ఆఫీసుకు ఇంత బాగా రాసిందెవరండీ?"

"నేనే," అన్నారు రాజరత్నం గారు.