కెప్టెన్ పక్కన రెండు కుర్చీలు

లంగరుగారికి ఆ పేరు వీధివాళ్ళు పెట్టారు. అసలు పేరు ఆయన కళ్ళజోళ్ళ దుకాణం బోర్డు మీద పెద్దపెద్ద అక్షరాలతో ఉంది. చదవగలిగేవాళ్ళకి ఆయనతో పనిలేదు, ఆయనతో పనున్నవాళ్ళకి బోర్డు కనబడదు. అందుకని లంగరు పేరే స్థిరపడిపోయింది.

ఓడల్లో విహారయాత్రలంటే ఆయనకి ప్రాణం. దుకాణం సంపాదనలో ఇల్లు గడవగా మిగిలిందంతా సముద్రంలోనే కలిపారు. ఒడ్డుకొచ్చాక ఆ సముద్రాన్ని తిరిగి వీధిలో అందరికీ పంచేవారు. చూపు పరీక్షకి వచ్చిన మనిషి ముక్కు మీద బరువైన ఫ్రేము తగిలించి, అద్దాలు మారుస్తూ మొదలుపెట్టేవారు. పారిపోదామన్నా ఆ మనిషికి తలుపెటుందో కనబడేది కాదు.

"గది ఎప్పుడూ ఓడ నడుమన తీసుకోవాలోయ్. ముందుభాగం ఊగుతుంది, వెనకభాగం వణుకుతుంది. పై వరస చదువు."

"కనబడట్లేదండీ."

"కనబడుతుంది, కంగారెందుకు? గది గోడలు ఇనుము. నాలుగు అయస్కాంతం కొక్కేలు పట్టుకెళ్ళావనుకో, తువ్వాలూ టోపీ అన్నీ గోడకే. ఈ రహస్యం ఎవడూ చెప్పడు. కింది వరసో?"

అద్దాలు కుదిరేసరికి ఆ మనిషి సగం సముద్రం ఈదేసేవాడు. "ఎక్కువ పవరు పడిందా?" అని ఇంట్లోవాళ్ళడిగితే, "పవరు తక్కువే, ఓడే ఎక్కువైంది" అనేవాడు.

ఇన్ని ప్రయాణాల్లోనూ ఆయన పక్కనే ఉన్న ఇల్లాలు మాత్రం ఒక్క ముక్క చెప్పేది కాదు. "మీకెలా ఉంటుందండీ ఓడలో?" అని ఎవరైనా అడిగితే, "ఆయన చెబుతున్నారుగా" అని నవ్వి ఊరుకునేది.

ఈసారి యాత్రకి వియ్యాలవారిని కూడా వెంటబెట్టుకెళ్ళారు. వియ్యంకుడు పళ్ళ డాక్టరు. ఆయనా మాటకారే. నోరు తెరిపించి కూర్చోబెట్టాక ఎదుటి మనిషి మధ్యలో అడ్డొచ్చేదేముంది! పిల్లల పెళ్ళినాటి నుంచీ లంగరుగారికి ఈయనతో ఒకటే బాధ. ఈ మహానుభావుడు దేనికీ ఆశ్చర్యపోడు.

"చూశారా బావగారూ, ఎన్ని అంతస్తులో!" అన్నారు లంగరుగారు ఓడ కింద నిలబడి, ఓడని తానే కట్టించినట్టు.

"మా క్లినిక్కున్న బిల్డింగూ ఇంతేనండీ. దానికి పార్కింగు కూడా ఉంది."

"ఈ దీపాల గుత్తి చూడండి, అద్దమంతా చేత్తో కోసిందే."

"తుడవడం కష్టం."

చివరికి పై డెక్కు మీదికి తీసుకెళ్ళి, నాలుగువైపులా సముద్రం చూపించారు. డాక్టరుగారు రెయిలింగు పట్టుకుని చాలాసేపు చూసి, "నీళ్ళు బాగానే ఉన్నాయి" అని ఒప్పుకున్నారు. ఈ మనిషి చేత ఒక్కసారి 'ఆహా' అనిపించకపోతే తన ఓడ అనుభవమంతా బూడిదలో పోసిన పన్నీరేనని లంగరుగారికి గట్టిగా అనిపించింది.

దేవుడు ఆ మొర ఆలకించాడు. ఆ సాయంత్రం రిసెప్షన్‌లో అమ్మాయి ఆయన్ని పిలిచి, "ఈ ఓడలో ఉన్నవాళ్ళందరిలోకీ ఎక్కువ ప్రయాణాలు చేసింది మీ గదివాళ్ళేనండీ. రేపు రాత్రి కెప్టెన్‌గారి బల్ల దగ్గర భోజనానికి మీ గదికి రెండు కుర్చీలు వేయిస్తున్నాం" అంది.

లంగరుగారికి కాళ్ళు నేలమీద ఆగలేదు. లిఫ్టు మరిచిపోయి మెట్లన్నీ ఎక్కేశారు. ఎక్కుతూ ఎక్కుతూ ఆలోచించారు. రెండు కుర్చీలు. ఒకటి తనది, సరే. రెండోదాన్లో భార్యని కూర్చోబెడితే లాభమేమిటి? తన గొప్పేమిటో ఆవిడకి తెలియంది కాదు. కూర్చోవలసింది బావగారు! కెప్టెన్ స్వయంగా లేచి తన చెయ్యి పట్టుకుని ఊపుతుంటే ఆ పళ్ళ డాక్టరు నోరు తెరవాలి, తను చూడాలి.

అయితే ఆ మాట ఇల్లాలితో అనే ధైర్యం ఆయనకి లేదు. అందుకని ఒక పథకం వేశారు. రేపు ఓడ రేవులో ఆగుతుంది. ఆడవాళ్ళిద్దర్నీ బజారుకి తోలి, తిప్పించి తిప్పించి అలసిపోయేట్టు చేస్తే, సాయంత్రానికి వచ్చి మంచాల మీద వాలిపోతారు. ఆ తరవాత బావాబావా కోట్లు తొడుక్కుని చల్లగా జారుకోవచ్చు. తన తెలివికి తనకే ముద్దొచ్చింది.

తెల్లారి గదిలో బ్యాంకు కార్డు తీసి భార్య చేతిలో పెట్టారు.

"ఇవాళ నువ్వూ వదినగారూ హాయిగా బజారు చూసి రండి. ఏం కావాలంటే అది కొనుక్కోండి."

ఆవిడ కార్డునీ, ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూసింది. "ఒంట్లో బావుందా మీకు?"

"నాకేం? దుక్కలా ఉన్నాను."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను బజారంటే మీకు తలనొప్పి వచ్చేది. ఇవాళ రాలేదే!"

"నీ సంతోషం కన్నా నాకేం కావాలే?"

"అమ్మో! అయితే డాక్టరన్నయ్యగారికి ఓసారి చూపిద్దాం ఉండండి."

"ఆయన పళ్ళ డాక్టరే!"

"జబ్బు నోటిదేగా" అని ఆవిడ కార్డు సంచిలో వేసుకుంది.

అంతలో గదిలో మైకు మోగింది. ఈ ఊరి గడియారాలు మన గడియారాలకన్నా గంట వెనక ఉంటాయి, ఓడ టైము మాత్రం మారదు, అందరూ ఓడ టైము ప్రకారమే ఐదింటికల్లా ఎక్కెయ్యాలి, ఆ తరవాత గేటు మూసేస్తాం అని చెబుతున్నారు. ఇల్లాలు చెవి రిక్కించి వింటోంది. లంగరుగారు పాటందుకున్నారు.

"అబ్బ, ఉండండీ! టైము గురించి ఏదో చెబుతున్నారు."

"మైకు కొత్తవాళ్ళకే పిచ్చిదానా. ఇన్ని ఓడలెక్కిన నాకు మైకు పాఠం చెప్పాలా? ఊళ్ళో దిగితే ఊరి టైము. ఇదివరకటి ఓడల్లో గడియారాలన్నీ అలాగే కదా మార్చారు" అంటూ చేతి గడియారం గంట వెనక్కి తిప్పేశారు.

"ఈసారి మారదంటున్నారండీ."

"అనుభవమున్నవాణ్ణి నేనా, మైకా?"

"మీరేలెండి" అంది ఆవిడ. తన గడియారం మాత్రం ముట్టుకోలేదు. లంగరుగారు కిందికి దిగాక బావగారి గడియారం కూడా అడిగి మరీ తిప్పిపెట్టారు.

మధ్యాహ్నం దాకా అంతా రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే సాగింది. బావాబావా ఒక బట్టల కొట్లో దూరి, ముదురు నీలం రంగు కోట్లు చెరొకటి కొనుక్కున్నారు. వాటికి బంగారు రంగు గుండీలు. "ఎందుకండీ ఇవి?" అని డాక్టరుగారడిగితే, "రాత్రికి తెలుస్తుంది, మీరే చూస్తారుగా" అని కన్నుగీటారు. ఆగలేక కోట్లు తొడుక్కునే బయటికొచ్చారు. దారిలో ఒకాయన వీళ్ళని ఓడ ఆఫీసర్లనుకుని మరుగుదొడ్డెటని అడిగాడు. లంగరుగారు పొంగిపోయి ఎటో ఒకవైపు చెయ్యి చూపించారు.

అప్పుడే ఫోను మోగింది. "ఏమండీ, మాకు కొనడం అయిపోయింది. ఓడకెళ్ళి కాసేపు నడుం వాలుస్తాం" అంది ఇల్లాలు.

లంగరుగారు చప్పున లెక్క వేశారు. ఇప్పుడు నిద్రపోతే రాత్రికి ఇద్దరూ పువ్వుల్లా లేచి కూర్చుంటారు!

"అప్పుడేనా? ఆ కొండ మీద కోట చూడకుండా వచ్చేస్తారటే? ఊరిదాకా వచ్చి!"

"అన్ని మెట్లు ఎవరెక్కుతారండీ? వదినగారికి మోకాళ్ళు."

"మెట్లెక్కితే మోకాళ్ళకి మంచిది."

"ఎవరు చెప్పారు?"

"డాక్టరుగారు పక్కనే ఉన్నారు."

"మోకాళ్ళలో పళ్ళున్నాయా ఏమిటి?" అని, "సరేలెండి, మీ మాటెప్పుడు కాదన్నాను" అని పెట్టేసింది.

ఇక బెంగ లేదనుకుని లంగరుగారు బావగారిని రేవుకి ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో కూర్చోబెట్టారు. ఎదురుగా తమ ఓడ. చేతిలో కాఫీ. పక్కన పారిపోవడానికి లేని వియ్యంకుడు. ఆయన జీవితంలో అంతకన్నా సుఖమైన గడియ రాలేదు. లోపల గుట్టు దాచుకున్న గర్వంతో ఒక్కొక్క ఓడనీ వర్ణిస్తూ పోయారు.

మళ్ళీ ఫోను. "ఏమండీ, మేం ఓడెక్కేశాం. మీరెక్కడున్నారు?"

"ఇక్కడే, ఎదురుగానే. కోట చూశారా?"

"కింద నుంచి చూశాం. బావుంది. ముందు మీరు రండి, గేటు మూసేస్తారట. మైకులో మన గది నంబరు పిలుస్తున్నారు."

గది నంబరు పిలుస్తున్నారంటే ఇంకెందుకు? కెప్టెన్ భోజనం గురించే!

"నువ్వు పలక్కు!" అని అరిచారు. "విన్నావా? రిసెప్షన్ వైపే వెళ్ళకు. నేనొచ్చి చూసుకుంటాను."

"పలకొద్దా?"

"వద్దంటే వద్దు. ఇంకా గంట టైముంది, ఎందుకే కంగారు?"

"గంటెక్కడిదండీ, ఐదవుతుంటేను! మళ్ళీ చెబుతున్నాను, గేటు మూసేస్తారట."

"మైకు మాటలు నమ్మకు" అని ఫోను పెట్టేసి, జేబులో వేసుకుని, ఇంకో కాఫీ చెప్పారు.

ఓడ పెద్దగా కూత పెట్టింది.

"ఏమిటండీ బావగారూ అది?" అన్నారు డాక్టరుగారు.

"కూత సరిగా పలుకుతోందో లేదో చూసుకుంటారు. రోజూ ఉండేదే."

"ఆ మెట్లు లాగేస్తున్నారు."

"కడగడానికి. ఎంతమంది తొక్కారో పొద్దుట్నుంచీ."

"తాళ్ళు విప్పుతున్నారండీ."

"పాతవి విప్పి కొత్తవి కడతారు. ఉప్పు నీళ్ళకి తాడు ఆగదు బావగారూ, ఇవన్నీ బయటివాళ్ళకి తెలియవు."

డాక్టరుగారు కాఫీ కప్పు కింద పెట్టారు. "బావగారూ, ఓడకీ గట్టుకీ మధ్య నీళ్ళు కనబడుతున్నాయి."

"ఓడన్నాక కాస్త అటూ ఇటూ..." అని అటు తిరిగిన లంగరుగారి మాట సగంలోనే ఆగిపోయింది. అటూ ఇటూ కాదు, అటే పోతోంది. ఇటు వచ్చే ఉద్దేశమేమీ దానికి ఉన్నట్టు లేదు.

అప్పుడు లేచారు. బావాబావా బంగారు గుండీలు తళతళలాడించుకుంటూ, "ఆపండి! ఆపండి!" అని రేవెంబడి పరుగెత్తారు. పై డెక్కు మీద జనం వీళ్ళ కోట్లు చూసి, ఎవరో ఆఫీసర్లు వీడ్కోలు చెబుతున్నారనుకుని చేతులూపారు. ఆ జనంలో ఇల్లాలూ, వియ్యపురాలూ కూడా ఉన్నారు. వాళ్ళు మాత్రం తలలు పట్టుకున్నారు.

రేవులో ఉన్న ఓడ కంపెనీ మనిషి వీళ్ళ పాస్‌పోర్టులు పట్టుకుని ఎదురొచ్చాడు. ఇలాంటివాళ్ళ కోసం ఓడవాళ్ళు వాటిని ముందే దింపి వెళతారట. "ఓడ టైముకి ఐదు దాటిందండీ. మైకులో చెప్పారే, వినలేదా? పొద్దున్నే బస్సుంది, తరవాతి రేవులో ఓడెక్కుదురుగాని. రాత్రికి ఆ ఎదుటి హోటల్లో పడుకోండి" అన్నాడు. లంగరుగారు గడియారం వైపు చూసుకున్నారు. అది నిమ్మకి నీరెత్తినట్టు నాలుగే చూపిస్తోంది.

చీకటి పడుతుంటే ఇద్దరూ కాఫీ హోటల్లోనే, అదే బల్ల దగ్గర కూలబడ్డారు. ఫోను మోగింది. ఈసారి బొమ్మతో సహా. తెల్లటి బల్లగుడ్డ, కొవ్వొత్తులు, కొత్త శాలువాలో ఇల్లాలు, పక్కన వియ్యపురాలు, వాళ్ళ మధ్య భుజాల నిండా పట్టీలున్న కెప్టెన్.

"నీకు... భోజనం సంగతి..." అని నసిగారు లంగరుగారు.

"నిన్ననే తెలుసండీ. గది సర్దే ఆవిడ చెప్పి, చెయ్యి కూడా కలిపింది. మీరు చెబుతారేమోనని పొద్దుటిదాకా చూశాను. మీరు కార్డు ఇచ్చారు. సరే, ఆయన సరదా ఆయనది అనుకుని, నాతో వదినగారొస్తారని రిసెప్షన్‌లో చెప్పేశాను."

"అంటే నేను ఓడలో ఉన్నా..."

"మీకు కుర్చీ లేదు. కానీ ఓడలో ఉంటే మంచం ఉండేది కదండీ. పోనీ, ఇది వినండి. ఇన్ని ప్రయాణాలు చేశారు, మీ రహస్యమేమిటని కెప్టెన్‌గారు అడిగారు."

"నువ్వేం చెప్పావు?"

"మా ఆయన చెప్పేవన్నీ శ్రద్ధగా వింటాను, మైకు చెప్పింది చేస్తాను అన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారండీ!"

లంగరుగారి పక్క నుంచి పెద్ద శబ్దం వచ్చింది. పళ్ళ డాక్టరు నోరు బార్లా తెరిచి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. "ఆహా! ఆహా! ఏమన్నారండీ చెల్లెమ్మగారు!" అంటున్నారు. ఎన్నేళ్ళుగానో వినాలనుకున్న 'ఆహా' చివరికి వినబడింది గానీ, దారి తప్పి ఇంకొకరి ఖాతాలో పడింది.

ఫోనులో ఇల్లాలు మెరిసిపోతోంది. ఇంతకాలం 'ఆయన చెబుతున్నారుగా' అని నవ్వి ఊరుకున్న మనిషి మాట వినడానికి ఒక బల్లెడు జనం చెవులొగ్గి కూర్చున్నారు. లంగరుగారికి ముందు సిగ్గేసింది. తరవాత, ఎంత ఆపుకున్నా ఆగకుండా, ఛాతీ కాస్త పొంగింది.

"ఏమైనా తిన్నారా?" అని ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. "పొద్దున్న బస్సు ఆరింటికట. ఊరి టైము ఆరు, ఓడ టైము కాదు. తెలిసిందా?"

'నాకు తెలుసులే' అన్న మాట అలవాటు కొద్దీ నాలుక చివరిదాకా వచ్చింది. లంగరుగారు దాన్ని మింగేశారు.

"ఇంకోసారి చెప్పు" అన్నారు.

ఆవిడ ఇంకోసారి చెప్పింది. ఆయన గడియారం చూసుకుంటూ విన్నారు.

బల్లలు తుడుస్తున్న హోటలావిడ ఆ కోట్లనీ, ఖాళీ రేవునీ చూసి జాలిపడింది. "అయ్యో, ఓడ తప్పిపోయిందాండీ?"

లంగరుగారు కోటు సవరించుకున్నారు. "లేదమ్మా. మా ఇంట్లో అనుభవమున్న మనిషి ఎక్కేసింది. కెప్టెన్ పక్కనే కూర్చుంది. మిగిలింది మేం" అన్నారు.