మా ఆస్పత్రి సర్వర్ నత్తనడక వర్ధిల్లాలి!

వేగంగా పనిచేసే సర్వర్ మనిషికి శత్రువు! నత్తనడక సర్వరే మనుషుల్ని దగ్గర చేస్తుంది. నమ్మకపోతే మా ఆస్పత్రికి వచ్చి రిపోర్టుల కౌంటర్ ముందు కూర్చోండి.

నెలకోసారి బీపీ మాత్రల కోసం వెళ్తాను. ఇదివరకు పది నిమిషాల్లో పంపేసేవారు. కొత్త సర్వర్ వచ్చాక మూడు గంటలు ఉండనిస్తున్నారు. ఎంత ఆదరణ! ఆ బెంచీ మీదే రెండు పెళ్లి సంబంధాలు కుదిరాయి. కాలు విరిగి వచ్చినాయన, తన పేరు తెరమీదకు వచ్చేలోగా ఎముక అతుక్కుని నడిచి వెళ్లిపోయాడు. మా ఆవిడ చనిపోయిన ఏడాది ఊడిన నా చొక్కా గుండీని, పక్కన కూర్చున్న దర్జీ కుట్టిపెట్టాడు. వేగమైన సర్వర్ ఉంటే ఆ గుండీ పడేదా?

ఈ భాగ్యమంతా సూపరింటెండెంటు గారి చలవ. సర్వర్‌లో బోలెడంత మెమరీ పెట్టించి, రోజూ తన తెరమీద మీటర్ చూస్తారు. "తొంభై ఏడు శాతం నిండిపోయింది! ఖాళీ చేయండి!" అంటారు. అంటే సర్వర్‌ను ఆపి మళ్లీ లేపాలి. లేచేటప్పుడు అది తన మెమరీ అంతా ఉందో లేదో ముక్కముక్కా తడిమి చూసుకుంటుంది. అందుకు నలభై నిమిషాలు! ఆపైన రిపోర్టులన్నీ డిస్కు నుంచి ఒక్కొక్కటే మోసుకొస్తుంది. మోసుకురాగానే మీటర్ నిండుతుంది. మళ్లీ ఖాళీ!

సర్వర్ చూసే అమ్మాయి మొత్తుకుంది. "సార్, అది చెత్త కాదు. మళ్లీ అడుగుతారని చేతికందేలా పెట్టుకుంటోంది. నిండితేనే పరిగెడుతుంది."

"కడుపు నిండాక నేను పరిగెడతానా అమ్మా?"

ఎంత శాస్త్రీయమైన తర్కం!

మొన్న గురువారం మాత్రం దర్జీ సూది తీయలేదు. లోపల అతని భార్యకు ఆపరేషన్. రక్తం రిపోర్టు తెరమీద చూస్తే తప్ప సర్జన్ కత్తి పట్టడు. ఒంటిగంటకు వెళ్లిపోతే మళ్లీ వచ్చేది వారానికే. ల్యాబ్ వాళ్లు పన్నెండూ నలభైకి రిపోర్టు ఎక్కిస్తామన్నారు.

పన్నెండున్నరకు సూపరింటెండెంటు గారు వరండాలోకి వచ్చి కేకేశారు. "తొంభై ఆరు! ఇప్పుడే ఖాళీ చెయ్యి!"

ఆపితే మళ్లీ లేచేది ఒంటిగంట దాటాకే. దర్జీ నా చెయ్యి పట్టుకున్నాడు. "బాబాయ్, వారం ఆగే నొప్పి కాదు దానిది."

అమ్మాయి అతన్ని చూసింది. "చేసేస్తున్నా సార్" అంటూ ఆయన గదిలోకి దూరింది. సర్వర్ జోలికే పోలేదు. కాగితం ముక్క మీద 'మూడు శాతం' అని రాసి, ఆయన మీటర్ మీద జిగురుతో అంటించి వచ్చేసింది.

సూపరింటెండెంటు గారు గదిలోకెళ్లి కళ్లజోడు సర్దుకుని చూశారు. "చూశావా, ఎంత తేలికపడిందో!"

పన్నెండూ నలభై రెండుకు రిపోర్టు వచ్చింది. సర్జన్ కత్తి పట్టాడు. ఆవిడ ఇప్పుడు మంచం మీద నుంచే మొగుడి కుట్టుకు వంకలు పెడుతోందట.

కాగితం ఇంకా అక్కడే ఉంది. సర్వర్ గుర్రంలా పరిగెడుతోంది. నన్ను మళ్లీ పది నిమిషాల్లో తరిమేస్తున్నారు.

ఇంతా చేసి బాగుపడింది సర్వరేనండోయ్! సూపరింటెండెంటు గారు అంత ఖాళీ చూసి మురిసిపోయి, ఇంకా ఖాళీ కావాలని మెమరీ రెట్టింపు చేయమని ఆర్డర్ పెట్టారు. అమ్మాయి 'ఒకటిన్నర శాతం' కాగితం కత్తిరిస్తోంది.