కొమురవ్వ మోకాళ్లు, నా పథ్యం

చెబితే నవ్వుతారు గానీ, మా ఆవిడ కొమురవ్వ మోకాళ్లకు నొప్పి వస్తే పథ్యం నేను పట్టాను.

పొట్టకూటికి వచ్చిన ఈ గుజరాతీ ఊళ్లో, లింబాయత్ పేటలో మాది మూడో అంతస్తు. మెట్లంటే ఆమెకు ఏడుపే. ఎలాగో దింపి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గుజరాతీలో నాకు చెప్పాడు. ఒంట్లో కొవ్వు బరువు మోపడమే కాదట, వాపు పుట్టించి మోకీలులోని మెత్తటి పొరను తినేస్తుందట. ఆమె ఒళ్లు తగ్గాలట.

"ఏమంటుండు?" అంది కొమురవ్వ.

పోయినేడు మా చెల్లెలు "వదినా, లావైనవ్" అన్నందుకే తిండి మానేసి ఏడ్చింది. ఆ ఏడుపు మళ్లీ చూడలేను.

"నా పొట్ట జూసి పరేషాన్ అయిండే. ఇంట్ల నూనె బంద్ చేయాల్నట" అన్నాను.

"మోకాళ్లు నాయి, పథ్యం నీకా?"

"ఏం జేస్తం, పెద్ద డాక్టర్!"

అప్పట్నుంచి ఇద్దరికీ ఉడికించిన సొరకాయే. మగ్గాల కార్ఖానాలో నిలబడి నిలబడి వచ్చేవాడికి సొరకాయ! ఉధ్నా స్టేషన్ దగ్గర శనగపిండి ఖమణ్ అమ్మే బండివాడు నాకు చుట్టమైపోయాడు. కొమురవ్వ నిజంగానే చిక్కింది. నాకు మాత్రం ప్యాంటు గుండీలు పట్టడం మానేశాయి.

మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళితే, నేను నోరు తెరిచేలోపే కొమురవ్వ గుజరాతీ అందుకుంది. నాకంటే బాగా! ఏళ్లుగా గుజరాతీ ఆడవాళ్ల పక్కన కూర్చుని చీరలకు రాళ్లు అతికించే మనిషి. ఆ సంగతి నా బుర్రకు తట్టనే లేదు. తన మోకాళ్లు మునుపటిలా అవుతాయా అని అడిగింది.

నొప్పి తగ్గుతుంది గానీ, అరిగిన పొర తిరిగి రాదన్నాడు డాక్టర్. కొమురవ్వ తలవంచుకుని మోకాళ్లనే చూసుకుంది.

బయటికొచ్చాక అడిగాను. "అంత తెలిసి, ఆ దినం నన్నెందుకడిగినవ్?"

"ఏం జెప్తవో సూద్దమని. నన్ను లావు అనలేక నువ్వే లావైతివి. నా కోసం గట్ల ఎవలు అబద్ధమాడిండ్రయ్యా? గందుకే ఊకున్న. ఖమణ్ జర తక్కువ తినరాదా?"

"ఖమణ్ సంగతి నీకెవలు జెప్పిండ్రు?"

"నీ మీసం జెప్పింది."

నవ్వబోయి ఏడ్చేసింది. ఇంటికొచ్చి నా భుజం పట్టుకుని మెట్లెక్కుతూ సగంలో ఆగింది.

"బరువైతున్ననా?"

"లేదే" అన్నాను.

"మల్ల అబద్ధం" అని, ఇంకాస్త ఆనుకుంది.