తీరిక లేనివాడి గంటసేపు

తీరిక లేకపోవడాన్ని మించిన విశ్రాంతి ఈ భూప్రపంచంలో లేదు!

నవ్వకండి. పనిలేనివాడికి సుఖం ఎక్కడిది? ఖాళీగా కనబడితే చాలు, ఇంటివాళ్ళు అటక మీది పెట్టె దింపమంటారు. పక్కింటాయన తన మోకాలినొప్పి చరిత్రను మొదటి అధ్యాయం నుంచి వినిపిస్తాడు. అదే ‘పాపం, ఊపిరి సలపని మనిషి’ అని పేరు తెచ్చుకున్నవాడి జోలికి ఎవరైనా పోతారా? దారిచ్చి తప్పుకుంటారు!

నమ్మకం కుదరకపోతే త్రాసుగారి సంగతి వినండి.

ఆయన ఒక పెద్ద కంపెనీలో ఫైనాన్స్ హెడ్. నలభైమంది ఆయన కనుసన్నల్లో పనిచేస్తారు. సాయంత్రాలు ఒక సేవాసంఘానికి ప్రెసిడెంటు. ముసలివాళ్ళకు కళ్ళజోళ్ళు ఇప్పించేది, రక్తదాన శిబిరాలు పెట్టించేది ఆయనే. ఇక ఇంట్లో ఒక తల్లి, ఒక భార్య, ఎనిమిదో క్లాసు చదివే ఒక కూతురు. ఆఫీసు, సంఘం, ఇల్లు, ఈ మూడింటినీ ముల్లు అటూ ఇటూ కదలకుండా తూస్తాడని అపార్టుమెంటువాళ్ళు పెట్టిన పేరే త్రాసుగారు. మూడు పళ్ళేల త్రాసును మీరెక్కడైనా చూశారా?

ఆయన బిజీ సామాన్యమైనది కాదు. ఫోను ఎంత వేడెక్కేదంటే, ఒకసారి కరెంటు పోయినప్పుడు వాళ్ళావిడ దానితోనే కూతురి యూనిఫారం ఇస్త్రీ చేసిందట! రక్తదాన శిబిరంలో నర్సు సూది గుచ్చేలోపే ఆయన లేచి వెళ్ళిపోయాడు. సీసా మాత్రం నిండింది!

మరి అంతటి మనిషికి విశ్రాంతి ఎప్పుడు అంటారా? కిటుకంతా అక్కడే ఉంది.

సాయంత్రం అయిదున్నరకు ఆఫీసులో “సంఘం పనుంది” అని లేస్తాడు. సంఘానికి ఫోన్ చేసి “ఇంట్లో పనుంది, ఏడింటికొస్తా” అంటాడు. ఇంటికేమో “ఆఫీసులో మీటింగ్” అని మెసేజ్. ఆ తర్వాత నేరుగా తమ అపార్టుమెంటు సెల్లారుకే వచ్చి, మూల స్తంభం చాటున కారాపి, బూట్లు విప్పి, సీటు వెనక్కి వాల్చి, వేరుశనగపప్పు నములుతూ గళ్ళనుడికట్టు పూరిస్తాడు. ఆరు నుంచి ఏడు దాకా. నాలుగేళ్ళుగా!

ఇది మోసమా? ఛ, ఛ! ఆ గంటే లేకపోతే నలభైమంది ఉద్యోగుల మీద అరిచేవాడు. దూరపుచూపు వాళ్ళకు దగ్గరచూపు జోళ్ళు తగిలించేవాడు. ఇంట్లో ఎగిరిపడేవాడు. ఒక్క మనిషి గంటసేపు అబద్ధమాడితే ఎంతమందికి మేలో చూడండి! ఆయన ప్రాణమంతా ఆ గంటలోనే ఉంది.

పిల్లి అలా కళ్ళు మూసుకుని పాలు తాగుతుండగా కంపెనీలో కొత్త రూలొకటి వచ్చింది. ఫైనాన్సులో పెద్ద కుర్చీలో ఉన్నవాళ్ళు ఏడాదికోసారి వరసగా పదిరోజులు సెలవు తీసుకుని తీరాలి. ఆఫీసు గడప తొక్కకూడదు, లాప్‌టాప్ ముట్టకూడదు. ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారు. అసలాయన ఏదైనా గోల్‌మాల్ చేసి దాచి ఉంటే, ఆ పదిరోజుల్లో తేలిపోతుందని!

త్రాసుగారు ఆఫీసు సంగతికి భయపడలేదు. ఆయన భయమల్లా సెల్లారు గురించే. ఇంట్లోనే ఉన్నవాడికి ఆఫీసు మీటింగ్ ఎక్కడినుంచి వస్తుంది? మొదటిరోజు ఆరు కొట్టేసరికి కాళ్ళు వాటంతటవే కిందికి లాగాయి. “సంఘంలో మీటింగ్” అని దిగిపోయాడు. మూడురోజులు చెల్లింది.

నాలుగోరోజు ఆరుంబావుకు సంఘం సెక్రటరీ ఇంటి బెల్లు కొట్టాడు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. గొంతు తగ్గించడం ఆయనకు సర్వీసులో ఎవరూ నేర్పలేదు.

“ఏమ్మా, సార్‌ని ఒక్కసారి పిలుస్తావా? ఇంట్లో పనుందన్నారు. ఒక్క సంతకం, అంతే!”

“ఆయన మీ మీటింగుకే వచ్చారు కదా, బాబాయిగారూ?”

“మా మీటింగా? నాలుగేళ్ళుగా ఈ వేళప్పుడు ఆయన మీకే అంకితం కదమ్మా! ఆయన్ని చూసి నేర్చుకోమని మా ఆవిడ నన్ను రోజూ దెప్పుతుంది!”

అప్పుడే పైకొచ్చిన కూతురు, “నాన్న కారు కిందే ఉందే! ఇప్పుడే నా సైకిల్ పెట్టొచ్చా” అంది.

“వాడు చిన్నప్పుడూ అంతే. ట్యూషన్ మాస్టారొస్తే బీరువా వెనక దూరేవాడు” అంది తల్లిగారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

నిలువు పదకొండు దగ్గర పెన్సిలు కొరుకుతున్న త్రాసుగారికి అద్దం మీద టకటకమని వినబడింది. గుండె జారి బూట్లలో పడింది. బూట్లు కాళ్ళకు లేవు, అది వేరే సంగతి!

“ఎవరామె?” అంది భార్య.

“ఎవరూ లేరు, ఒట్టు! నేనొక్కణ్ణే!”

ఆవిడ లోపలికి తొంగిచూసింది. తలగడ. రబ్బరు చెప్పులు. పప్పు పొట్టు. గొంతు తగ్గలేదు సరికదా, ఇంకా లేచింది.

“ఒక్కరేనా? ఎవరైనా ఉంటే పోట్లాడి ఊరుకునేదాన్ని! గంటసేపు, ఎవరూ పిలవకుండా, ఒక్కరే! నాకు స్నానాలగదిలో ఆరు నిమిషాలు దొరకవు. షాంపూ కళ్ళలో ఉండగానే ‘అమ్మా, నా సాక్సు’ అని అది, ‘అమ్మాయ్, నా మాత్ర’ అని అత్తయ్య, ‘ఏమోయ్, నా ఛార్జరు’ అని మీరు!”

ఆవిడ వెనకే దిగివచ్చిన డ్రిల్లు మాస్టారు ఎవరూ చెప్పకుండానే అబౌట్ టర్న్ తీసుకున్నాడు.

“మీ రూలేమిటన్నారు? కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే దాచిందంతా తేలుతుందనేగా?”

“అ... అవును.”

“అయితే దిగండి. మిగిలిన ఆరురోజులూ సెలవు నాది. పైన నా కుర్చీ మీది.”

“నీకు కుర్చీ ఎక్కడుంది?” అన్నాడాయన, నిజంగానే తెలియక.

“అదే తేలాలి!”

తేలింది. నలభైమందిని నడిపించిన నాయకుడు మొదటి ఉదయమే వంటింట్లో రివ్యూ మీటింగ్ పెట్టాడు. ముగిసేసరికి పాలు పొంగి స్టవ్వు ఆరిపోయింది. రెండోరోజు పనిని కూతురికి అప్పజెప్పాడు. కూతురు నానమ్మకు అప్పజెప్పింది. నానమ్మ అనుభవజ్ఞురాలు, తిప్పి కొడుక్కే అప్పజెప్పింది. ఆరురోజులూ వెతికాడు కానీ, ఆవిడ కూర్చునే కుర్చీ ఏదో ఆయనకు దొరకనేలేదు!

ఆఫీసువాళ్ళు ఆయన కుర్చీ తిరగేసి చూసి, మచ్చలేని మనిషని మెచ్చుకున్నారట. ఇంట్లో మాత్రం ఘరానా మోసమే బయటపడింది. పదిహేనేళ్ళుగా నలుగురి పని ఒక్క మనిషి చేత చేయిస్తూ, ఆ ఘనతకు ‘బ్యాలెన్స్’ అని పేరుపెట్టి ఇంకొకరు మోసుకు తిరుగుతున్నారట!

కాబట్టి పాఠకులారా, తీరిక లేకపోవడం వరమే. కాదని ఎవరన్నారు? అది మీకు దక్కడం కోసం ఇంట్లో ఎవరి తీరిక ఖర్చయిందో మాత్రం పొరబాటున కూడా అడగకండి.

త్రాసుగారు అడిగాడు. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి సెల్లారులో అద్దాలెక్కించుకుని ఆవిడ, పైన ఉల్లిపాయలు తరుగుతూ ఆయన. కళ్ళవెంట ధారగా నీళ్ళు. అది ఉల్లిపాయల ఘాటేనని ఆయన వాదిస్తున్నాడు. విచారణ ఇంకా సాగుతోంది.