దోన్యా ఎనిల్దా మూడింటి మరణం

దోన్యా ఎనిల్దా మరణించినట్టు పాల్మరీటో పురపాలక సంఘం మార్చి పద్నాలుగున ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం ప్రతిని ఆవిడే సంతకం పెట్టి అందుకుంది. ఇంటి నంబరు తప్పు పడితే చూపించి దిద్దించుకుంది కూడా.

ఇందులో వింతపడవలసింది ఏమీ లేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ ఊళ్లో ఎవరు పోయినా జపమాల చెప్పించేవాణ్ణి నేనే. అందుచేత చావుల విషయంలో నా మాటకు కొద్దో గొప్పో విలువ ఉంది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది మగ్దలేనా నది ఒడ్డు. మా ఊళ్లో పగలు తలుపు వేయరు. తెల్లవారుజామున తెరిచిన తలుపు మళ్లీ పడుకోబోయే ముందే మూయడం. గడప దగ్గర ఊగుడు కుర్చీ వేసుకుని కూర్చుంటాం. వీధిన పోయేవాళ్లు లోపలికి తొంగి చూసి, కుండలో ఏం ఉడుకుతోందో అడిగి, మూత తీసి రుచి చూసి, ఉప్పు తక్కువైందని చెప్పి మరీ వెళతారు. దీన్ని మేం ఆప్యాయత అంటాం. ఎవరికి జ్వరం వచ్చినా ఒంటికంటే ముందు ఎదురింటికి తెలుస్తుంది. ఇంత అప్రమత్తమైన ఊరికి ఆసుపత్రి అనవసరమని మా మేయరు రుబీయెల్ ఆర్రియేటా గారు వరసగా రెండు ఎన్నికల్లో నిరూపించారు.

పట్టపగలు తలుపు మూసి ఉందంటే మా దగ్గర దానికి ఒకటే అర్థం. ఆ ఇంట్లో ఎవరో పోయారు. అప్పుడు పిలవకుండానే వెళ్లాలి. ఎవరి కుర్చీ వాళ్లే తీసుకెళ్లాలి. తొమ్మిది రోజులు వెళ్లాలి.

దోన్యా ఎనిల్దాకు, అంటే ఎనిల్దా అమ్మగారికి, అరవై మూడేళ్లు. ఇరవై ఆరేళ్లు బడిపిల్లలకు వండి పెట్టి రిటైరై, ఇంట్లో వంట మొదలుపెట్టింది. మొగుడు ఎవెలియో, ఇద్దరు కూతుళ్లు, ఒక అల్లుడు, ఐదుగురు మనవలు, రెండు గదులు. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా మాత్రం మొగుడు ఏటి మీద, పెద్దలు పనిలో, పిల్లలు బడిలో ఉంటారు. ఆ గంటసేపు ఇల్లు ఖాళీ. ఖాళీ అంటే ఇరుగుపొరుగు తప్ప ఎవరూ ఉండరని.

మార్చి నాలుగు, మంగళవారం, సరిగ్గా మూడింటికి ఆవిడ తలుపు వేసుకుంది.

మూడు గంటల ఐదు నిమిషాలకు పక్కింటి నుబియా ఏడుపు మొదలుపెట్టింది. పావుగంటకల్లా వాకిట్లో టార్పాలిన్ లేచింది. చావు ఇంట్లో పొద్దుపుచ్చడానికి ఆడే డామినో బిళ్లలు వచ్చాయి. నలభై కుర్చీలు వచ్చాయి. ఎవరో పడవెక్కి ఏటి మధ్యకు పోయి, మీ ఇంట్లో చావు జరిగిందని ఎవెలియోకు చెప్పారు. ఆయన పట్టిన చేపలు పట్టినట్టే చేత్తో పట్టుకుని ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి, వాకిట్లో వాళ్లను వాటేసుకుని, ఎవరు పోయారని అడిగాడు. ఎవరికీ తెలియదు. కూతుళ్లను లెక్కపెట్టారు, ఉన్నారు. అల్లుడు ఉన్నాడు. బడికి మనిషిని పంపి మనవలను లెక్కపెట్టించారు, ఐదుకు ఐదుగురు. మళ్లీ లెక్కపెట్టారు. ఎంత లెక్కపెట్టినా శవం తేలలేదు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. దోన్యా ఎనిల్దా గడపలో నిలబడి అందరినీ చూసింది.

"ఎవరు పోయారు?" అంది.

"మేమూ అదే అడుగుతున్నాం వదినా," అంది నుబియా కళ్లు తుడుచుకుంటూ. "తలుపెందుకేశావు?"

"ఊరికే."

"ఊరికే తలుపెవరేస్తారు?"

"కాసేపు ఒక్కదాన్నే ఉందామని."

"ఒక్కదానివే ఉండి ఏం చేస్తావు?"

"ఉంటాను."

నుబియా జనం వైపు తిరిగింది. "విన్నారా. మా ఇంట్లో పదకొండు మందిమి. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్కదాన్నే ఉన్న పాపాన పోలేదు. నేనేమన్నా చచ్చానా?"

"నీకా అదృష్టం లేదులే," అన్నాడు డామినో బల్ల దగ్గర నుంచి ఎవరో.

ఇక ఊరు ఆలోచనలో పడింది. ప్రియుడున్నాడని కొందరన్నారు. ఆ వయసులో అది గౌరవప్రదమైన సంగతే గనక చాలామంది ఆ మాటకు మొగ్గారు. నుబియా మాత్రం, లోపల ఒక్కతే కూర్చుని జున్ను తింటోందని గట్టిగా అభిప్రాయపడింది. ఊరికే ఉండడానికి తలుపు వేసుకుందన్న మాట ఎవరికీ నమ్మదగినదిగా తోచలేదు.

అయితే మా ఊళ్లో చావుకని గడప దాటిన కుర్చీ తొమ్మిది రోజులు నిండకుండా ఇంటికి తిరిగి వెళితే, వెంట ఇంకో చావును తీసుకెళుతుంది. ఇది అందరికీ తెలిసిన విషయమే. నలభై కుర్చీలు వచ్చేశాయి. నలభై మందిని చంపుకోవడం కంటే నవదిన ప్రార్థనలు మొదలుపెట్టడమే మేలని పెద్దలు నిర్ణయించి, నాకు కబురంపారు.

నేను వెళ్లేసరికి కూడా పోయిన మనిషి ఎవరో తేలలేదు. పేరు లేకుండా ఎవరి ఆత్మకని వేడుకోను? మా చర్చి గురువుగారు నెలకొకసారి లాంచీలో వస్తారు, అడుగుదామంటే లేరు. వంటింట్లోకి వెళ్లాను. దోన్యా ఎనిల్దా నలభై మందికీ అల్లం కాఫీ కాస్తోంది.

"ఎవరి పేరు చెప్పమంటావమ్మా?" అని అడిగాను.

ఆవిడ కాఫీ అంతా వడగట్టింది. తర్వాత అంది: "నా పేరే చెప్పు ఆనిబల్ అన్నా. నేను పోతే గాని వీళ్లు ఆ తలుపు మూయనిచ్చేట్టు లేరు."

బతికున్న మనిషికి నిత్య విశ్రాంతి దయచేయమని దేవుణ్ణి అడగడం తప్పా అని నాలో నేను తర్కించుకున్నాను. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. కాని ఆ ఇంట్లో విశ్రాంతి అవసరమైన మనిషి ఆవిడొక్కతే అని మాత్రం నాకు తోచింది. జపమాల తీశాను. "నీ దాసురాలు ఎనిల్దాకు విశ్రాంతి దయచేయుము," అన్నాను. అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది ఆవిడే.

పోయిందెవరో తేలాక ఊరు కుదుటపడింది. తొమ్మిది రోజులూ మూడింటికల్లా ఇల్లు నిండిపోయేది. మృతురాలు పళ్లెం పట్టుకుని కాఫీ, బిస్కెట్లు అందించేది. నలభై ఏళ్లుగా ఆవిడ గురించి ఎవరూ పలకని మాటలు ఆ తొమ్మిది రోజుల్లో పలికారు.

"ఆ చేతి వంటే వేరు. ఉప్పు ఎప్పుడూ ఎక్కువా కాదు, తక్కువా కాదు," అంది నుబియా ముక్కు చీదుతూ.

"మొన్న సోమవారమేగా తక్కువైందన్నావు," అంది ఎనిల్దా.

"పోయినవాళ్లు మధ్యలో మాట్లాడకూడదు వదినా. అచ్చిరాదు."

రోజురోజుకూ ఆవిడ ముఖం వాడిపోవడం నేను గమనించాను. ఒక్క గంట కావాలన్న మనిషికి ఉన్న గంట కూడా పోయింది. ఏడో రోజు వంటింటి మూల ఆవిడ కళ్లు మూసుకుని నిలబడి ఉంటే, ఒంట్లో బాలేదా అని ఆరుగురు అడిగారు. ఆరుగురికీ ఆవిడ కాఫీ ఇచ్చింది.

తొమ్మిదో రోజు మేయరుగారు నల్ల బట్టల్లో విచ్చేసి ఉపన్యసించారు. "ప్రియ పౌరులారా, మన ఎనిల్దా ఇక లేదు. ఆ లోటు తీర్చలేనిది. ఆవిడ మన గుండెల్లో సజీవంగా ఉంది, ఇదిగో, ఈ స్తంభం పక్కన కూడా ఉంది. ఆవిడ తుది కోరిక ఏదైనా ఉంటే, ఈ రుబీయెల్ ఆర్రియేటా బతికుండగా నెరవేరకుండా పోదు."

చప్పట్లు ఆగాక ఎనిల్దా పళ్లెం కింద పెట్టింది. "అయ్యా, చావు ఇంట్లో తొమ్మిది రోజులు అయ్యాక, ఏడాది సంతాపం తీరేదాకా తలుపు మూసుకోవచ్చు. ఎవరూ తట్టకూడదు. అవునా?"

"అనాదిగా వస్తున్న ఆచారం."

"పోయింది నేను. సంతాపమూ నాదే. ఏడాదంతా వద్దు. రోజుకొక గంట ఇప్పించండి."

మాట ఇచ్చిన తర్వాత ఆలోచించడం మా మేయరుగారికి అలవాటు. అలా వచ్చిందే ఆ తీర్మానం. మొదటి అంశం: సదరు ఎనిల్దా ప్రతిదినం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు వరకు మృతురాలు. రెండో అంశం: మిగిలిన ఇరవై మూడు గంటలూ వంట, పన్నులు, ఓటు నిమిత్తం సజీవురాలు. మూడో అంశం: మరణ సమయంలో తలుపు తట్టరాదు, మృతురాలి గురించి చెడు మాట్లాడరాదు.

మర్నాడు మూడింటికి ఆవిడ తలుపు వేసుకుంది. వీధి వీధంతా చెప్పులు చేతబట్టుకుని నడిచింది. నాలుగింటికి బయటికొచ్చి రొట్టె కొనుక్కుంది. ముఖంలో కాస్త కళ వచ్చింది. చనిపోవడం ఆవిడకు బాగా పడిందని అందరం అనుకున్నాం.

రెండో వారంలో నుబియా దరఖాస్తు పెట్టుకుంది. నెలాఖరుకు నూట పద్దెనిమిది మంది. మా ఆవిడ డోమితిలా కూడా చనిపోవాలనుకుంటున్నట్టు నాకు ఆఫీసు మైకులో వినబడేదాకా తెలియదు.

"నీకెందుకే ఇది?" అన్నాను ఇంటికి వచ్చి.

"ఇదిగో, ఇందుకే," అంది.

మైకు సంగతి చెప్పాలి. ఎవరికైనా అభ్యంతరాలుంటే తెలపడానికి వీలుగా, ప్రతి దరఖాస్తునూ కారణంతో సహా ఊరంతటికీ చదివి వినిపించాలని పురపాలక సంఘం నియమం పెట్టింది. పైగా, మనిషి నిజంగా ఒంటరిగానే ఉన్నదీ లేనిదీ ధ్రువపరచడానికి ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు లోపల కూర్చోవాలి. సాక్షులు ఖాళీగా కూర్చోలేరు గనక కుండ మూత తీసి చూసేవాళ్లు. ఈ ఏర్పాటు ఎంతో సజావుగా సాగింది. ఊళ్లో సగం మంది చనిపోతే మిగతా సగం చూస్తూ కూర్చునేవాళ్లు.

ఒక్క ఎనిల్దాకే సాక్షులు లేరు. నియమం పుట్టకముందే పోయింది గనక. ఇది సమానత్వానికి విరుద్ధమని నూట పద్దెనిమిది సంతకాలతో ఫిర్యాదు వెళ్లింది. మొదటి సంతకం నుబియాది. విచారణ జరిపి నివేదిక ఇవ్వమనీ, లేకుంటే ఆవిడ మరణం రద్దవుతుందనీ సంఘం ఉత్తర్వు జారీ చేసింది. విచారణకు దైవభీతి గల మనిషి కావాలని నన్ను నియమించారు. ఒక మాట ఒప్పుకోవాలి. నాకూ తెలుసుకోవాలనే ఉంది.

శుక్రవారం మూడింటికి వెళ్లాను. ఆవిడ ఉత్తర్వు చదివింది. నన్ను లోపలికి రానిచ్చి, తలుపు వేసి, "ఇక నా గంట నీ నోట్లో ఉందన్నా," అంది.

నాలుగింటికి బయటికి వచ్చాను. వీధి నిండా కుర్చీలు. మేయరుగారు మైకు పట్టుకుని నిలబడ్డారు.

"చూశావా బావా?" అంది నుబియా.

"చూశాను."

"ఏం చేస్తోంది?"

అంతా చూసేవాడు దేవుడొక్కడే అని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అది పెద్ద గొప్ప కాదని, మా వీధి వీధంతా ఆ పని చేస్తుందని నాకప్పుడే తోచింది. చూసింది ఎవరికీ చెప్పడు గనకే ఆయన్ని దేవుడంటున్నాం.

"చెప్పను," అన్నాను. "నివేదికలో సాక్షి ఉన్నాడని రాసుకోండి. నియమంలో సాక్షి కావాలని ఉంది గాని, సాక్షి వాగాలని లేదు."

మేయరుగారు నియమం రెండుసార్లు చదివారు. నిజంగానే లేదు. అలాంటి సాక్షి ఒకడు పుడతాడని నియమం రాసేటప్పుడు ఎవరికీ తట్టలేదట. ఎనిల్దా మరణం నిలబడింది.

మా ఊళ్లో మూసిన తలుపుకు అర్థం అందరికీ తెలుసు. మూసుకున్న నోరు మాత్రం ఇదే మొదటిసారి కావడంతో ఎవరికీ అర్థం కాలేదు. మర్నాడు పొద్దున్నే నుబియా మా వాకిట్లోకొచ్చి ఏడుపు మొదలుపెట్టింది. టార్పాలిన్ లేచింది. డోమితిలా కాఫీ కాస్తోంది. జపమాల చెప్పించేవాడు నేనే గనక, నా ఆత్మశాంతికి నేనే ప్రార్థిస్తున్నాను. ఇవాళ్టికి ఆరో రోజు.

ఆ తలుపు వెనక ఆవిడ ఏం చేస్తుందో చివర్లో చెబుతాననే కదా, మీరు ఇంతదాకా కదలకుండా కూర్చున్నారు. పందిట్లో ఎడమ వైపు కొంచెం చోటుంది. మీ కుర్చీ అక్కడ వేసుకోండి.